శుభలేఖలో లావు అక్షరాలు

నందికొండ దగ్గర డ్యాం కడుతున్న రోజుల్లో నేను నల్లగొండలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాణ్ణి. అక్కడ లావు అక్షరాలు ఒక్క పెట్టెడే ఉండేవి. సన్నగా మొదలై, కడుపు దగ్గర లావెక్కి, చివర మళ్ళీ సన్నబడే పాతకాలపు సీసపు అక్షరాలు. సిరా బాగా తాగేవి. కాగితం మీద పడితే వెనకవైపు కూడా వేలికి తగిలేవి. నాకు వాటంటే మహా ఇష్టం. సన్న అక్షరాలు గొణుగుతాయి, ఇవి పిలిచి చెబుతాయి.

మా సేటు వాటిని ఎక్కడపడితే అక్కడ వాడనిచ్చేవాడు కాదు. "పైన దేవునికి, నడుమ పిల్లకు, పిలగానికి. మిగిలినోళ్లకు సన్నయి సాలు" అనేవాడు. యాదగిరి నరసింహస్వామి పేరు నా చేతులతో ఎన్నిసార్లు కూర్చానో.

మా చెల్లె పెళ్ళి కుదిరింది. శుభలేఖ నేనే కూర్చాను. మేము చిన్నగా ఉన్నప్పుడే నాయిన పోయాడు. అమ్మ మగ్గాల వాళ్ళకు కండెలు చుట్టి మా ఇద్దరినీ సాకింది. అయినా పిలిచేవాళ్ళ చోట పెద్దనాయిన పేరే ఉండాలి. భర్త పోయిన మనిషి పేరు శుభలేఖ మీద వేయడం మా దగ్గర లేదు. నాకు ముక్కు మీదే కోపం. పెద్దనాయిన పేరు సన్న అక్షరాల్లో పెట్టి, దాని పైన అమ్మ పేరు లావు అక్షరాల్లో బిగించాను. సేటు చూశాడు. చూడనట్టు బయటికి పోయి బీడీ ముట్టించాడు.

నమూనా కాగితం చూసిన పెద్దనాయిన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"బొట్టు లేనిదాని పేరు శుభలేఖల పెడ్తారుర? తీసెయ్. లేకుంటే నేను పీటల మీద కూసోను."

"నేను తియ్య," అన్నాను.

మర్నాడు అమ్మ ప్రెస్సుకు వచ్చింది. అంతకుముందెప్పుడూ ఆ గడప తొక్కలేదు.

"తీసెయ్ బిడ్డా. నా పేరు కోసం పిల్ల పెండ్లి ఆగాల్నా?"

అమ్మకు చదువు రాదు. ఎక్కడ పేరు రాయమన్నా బొటనవేలి ముద్రే వేసేది. ఒక్కసారి చూసి చెప్పమని, అప్పుడే అచ్చు తీసిన కాగితం చేతిలో పెట్టాను.

"ఏది నాది?"

చూపించాను. దాని మీద బొటనవేలు ఆనించింది. లావు అక్షరాల సిరా తొందరగా ఆరదు. వేలు నల్లబడింది. చాలాసేపు ఆ వేలునే చూసుకుంది.

"ఇన్నొద్దులు నా పేరంటే గీ ఏలే అనుకున్న," అంది మెల్లగా. "ఉండనియ్. మీ పెద్దనాయినతోని నేను మాట్లాడుత."

వేలు తుడుచుకోకుండానే వెళ్ళింది. పెద్దనాయిన ముందర ఆ చెయ్యి చాపి, "బావా, పిల్లను సాకింది గీ శెయ్యే గద" అందట. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పెళ్ళిలో ముఖం మాడ్చుకునైనా పీటల మీద కూర్చున్నాడు.

ఆ శుభలేఖలు అమ్మే ఇల్లిల్లూ తిరిగి పంచింది. ప్రతి ఇంట్లోనూ సరిగ్గా ఆ చోట బొటనవేలు పెట్టి, "గిది నేనే" అని చూపించింది.