లింబాయత్‌లో చప్పుడు లేని ముచ్చట

ఈసారి సూరత్ వెళ్ళింది ఊరు చూడడానికి కాదు, మా బావ రాజేశం ఊపిరి సంగతి తేల్చుకోవడానికి. నేను జగిత్యాల దగ్గర ఒక బడిలో వ్యాయామం టీచర్ని. బావ సూరత్‌లోని లింబాయత్ పేటలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. కరోనా రెండో వేవ్‌లో జ్వరం పట్టి లేచాక మగ్గాల మధ్య తిరగలేక ఇంటిపట్టునే ఉండిపోయాడు. పరీక్షలన్నీ బాగున్నాయి, మెల్లగా పరుగు మొదలుపెట్టమని డాక్టర్ చెప్పాడు. నేను ఫోన్లో ఒకే ఒక్క నియమం పెట్టాను: "పక్కనోనితోని ముచ్చట పెట్టగలిగినంత జోరులనే ఉరుకు బావా." నెల దాటినా సగం దారిలోనే కూలబడుతున్నాడట. "నా ఊపిరి గింతే పిల్లా. సాంచాలు ఇడిసిపెట్టి వాచ్‌మన్ పని చూసుకుంట" అన్నాడు. మీసం రాకముందు నుంచీ నేతపనే చేసిన మనిషి ఆ మాట అనేసరికి ఇది ఫోన్లో తేలే సంగతి కాదనుకున్నాను. దసరా సెలవులు రాగానే టికెట్ తీశాను.

వరంగల్‌లో రాత్రి అహ్మదాబాద్ బండి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక సూరత్‌లో దిగుతాం. స్టేషన్ బయట లింబాయత్‌కు షేర్ ఆటోలు దొరుకుతాయి, నేను ఇరవై రూపాయలిచ్చాను. డ్రైవర్ అద్దంలో చూసి "మాస్క్ లగావ్ బెహెన్, ఆగే పోలీస్ ఖడీ హై" అన్నాడు. పోలీసులు ఉన్నారో లేదో గానీ, ఆయన మాస్క్ మాత్రం గడ్డం కిందే ఉంది.

ఇంటికి చేరేసరికి మా అక్క లత జొన్నరొట్టెలు చేస్తోంది. బావ మంచం మీద నుంచి పలకరించాడు గానీ ఆ గొంతు పక్కింట్లోంచి వస్తున్నంత సన్నగా వినబడింది. సాంచాల మోతకు అలవాటై ఇంట్లో కూడా అరిచి మాట్లాడే మనిషాయన. అక్క నా చెవిలో అంది: "ఇది కార్ఖాన అనుకున్నవా అని రోజు తిట్టేదాన్నే. జొరమొచ్చినంక గొంతే లేస్తలేదు. ఇల్లు సప్పగ అయిపోయిందే."

మర్నాడు తెల్లవారుతుండగా పక్క పేట గోడాదరా వైపు బయలుదేరాం. ఆ వేళకు లారీలు తక్కువ, ఎండ ఇంకా ఎక్కదు. ముందు బావ, పక్కన అదే కార్ఖానాలో పనిచేసే శంకర్, వెనక నేను. ఇద్దరూ ముచ్చట్లలో మునిగిపోయారు. బావ రెండు వేళ్ళు విడదీసి పోగు తెగిందన్నాడు. శంకర్ పొట్ట మీద గుండ్రంగా చెయ్యి తిప్పి కార్ఖానా యజమాని సేఠ్ వచ్చాడన్నాడు. పెదవులు కదిపి ఏదో అనుకుని నవ్వుకున్నారు. వెనక నాకు ఒక్క ముక్క వినబడలేదు. గొంతు విప్పితే కదా వినబడడానికి! సాంచాల మోతలో మాట వినబడదు కాబట్టి ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు చేతులతో, పెదవులతోనే ముచ్చటంతా పెట్టేసుకుంటారు. ఇక్కడా అదే చేస్తున్నారు; ఆ సైగల అర్థం నేను తర్వాత అడిగి తెలుసుకున్నాను. నా నియమాన్ని బావ తు.చ. తప్పకుండా పాటిస్తూనే ఊపిరందని వేగంతో ఉరుకుతున్నాడు.

ఆపి అడిగాను. "బావా, గిప్పుడు శంకరన్నతోని ఏమన్నవో నోటితోని చెప్పు."

"సేఠ్..." అని రొప్పాడు. రెండో మాట రాలేదు.

"ముచ్చటంటే గొంతుతోని పెట్టాలె."

"గట్ల చెప్పాలె గద మరి! ముచ్చటన్నవ్, పెడ్తనే ఉన్నం."

నాకు నవ్వాగలేదు. మన ఒళ్ళు నిమిషానికి వాడుకోగలిగిన ఆక్సిజన్‌కు ఒక పై హద్దు ఉంటుంది, దాన్నే వీఓటూ మ్యాక్స్ అంటారు. ఆ హద్దుకు దగ్గర్లో ఉరికితే ఎవరైనా కాసేపటికే చతికిలబడతారు. దూరం పోవాలంటే దానికి బాగా కింద, మాట తేలిగ్గా వచ్చే వేగంలో పోవాలి. కొన్నాళ్ళు అలా పోతే అదే ఆయాసంతో ఇంకాస్త జోరుగా ఉరకగలుగుతాం. బావ హద్దు తగ్గి ఉండొచ్చు గానీ, ఆయన రోజూ దాని నెత్తిన ఎక్కి కూర్చుంటున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి గట్టిగా మాట్లాడుతూ. "గింత మెల్లగనా? నడిచేటోళ్ళు దాటిపోతున్నరు" అని శంకర్ గొణిగాడు. బావ పట్టించుకోకుండా, మొదటిసారి వచ్చినప్పుడు సూరత్ అనుకుని ముందు స్టేషన్ ఉధ్నాలోనే దిగిపోయిన కథ ఎత్తుకున్నాడు. మాట తెగినప్పుడల్లా వేగం తగ్గించాం. ఆయన రోజూ కూలబడే చాయ్ బండి వచ్చింది. బండాయన అలవాటు కొద్దీ స్టూల్ ముందుకు జరిపి "ఆజ్ బైఠోగే నహీ?" అన్నాడు. "వాపసీ మే!" అని, తిరిగొచ్చేటప్పుడు కూర్చుంటానని అరిచి బావ ముందుకు సాగిపోయాడు. గోడాదరా మలుపు తాకి తిరిగొచ్చేటప్పుడు కూడా ఆ స్టూల్ మీద కూర్చోలేదు.

గల్లీ మొదట్లో నుంచే కేకేశాడు: "లతా, చాయ్ పెట్టు!" రెండిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. అక్క గడపలోకి వచ్చి నిలబడింది. "కార్ఖాన అనుకున్నవా?" అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని ఆ పొద్దునే తలచుకున్నాను. పిల్లలకు ఇన్నేళ్ళుగా చెబుతున్న నియమంలో "ముచ్చట" అన్న మాట ఒక్కొక్కరి చెవిలో ఒక్కోలా పడుతుందని సూరత్ వెళ్తే గానీ తెలియలేదు. ఆ చలికాలానికి బావ మళ్ళీ సాంచాల దగ్గరికి వెళ్ళాడు, ముందు రెండు మగ్గాలతో మొదలుపెట్టి. జబ్బు పడి లేచి పరుగు మొదలుపెట్టేవాళ్ళు ముందు డాక్టర్ని అడగండి, తర్వాత పక్కన ఒక మనిషిని పెట్టుకుని నోరారా మాట్లాడుతూ ఉరకండి. మా బావ మాత్రం ఇప్పుడు ఫోన్ చేస్తే, నేను దాన్ని చెవికి జానెడు దూరంలో పట్టుకోవాల్సి వస్తోంది.