ఆ పాటలో మా శెట్టిగారు లేరు

మా శెట్టిగారు పోయి పది రోజులైంది. ఆ కబురు చెప్పడానికి భజన మండలి పెద్దాయన మా గుమ్మంలోకి రాగానే ఆయన జేబులో ఫోను మోగింది. మోగింది శెట్టిగారు నందిగామ స్టూడియోలో వాయించిన పాట. ఆ పాట మీద నాకు ఆరేళ్ళ కోపం. ఆయన చావు కబురు కూడా దాని వెనకాలే వినాల్సి వచ్చింది.

నేను అయిదో తరగతి దాటలేదు. శెట్టిగారి గురించి మండలివాళ్ళు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు తెలిసింది డోలకు. శెట్టిగారికి జగ్గయ్యపేటలో బట్టల కొట్టు. శనివారం భజనలో ఆయన మొదట హార్మోనియం, తర్వాత కీబోర్డు, పక్కన నా డోలకు. ఇరవై ఎనిమిదేళ్ళు అలా గడిచాయి.

హార్మోనియం పక్కన పెట్టి ఆ కరెంటు పెట్టె తెచ్చిన రోజు, "మనవడి బొమ్మ తెచ్చారేంటి శెట్టిగారూ" అన్నాను అందరి ముందు.

"నీ డోలకు తోలు ఏ మేకదో నేనడిగానా?" అని నవ్వి, వాయించారు. నేను డోలకు అందుకున్నాను.

దాంట్లో వందల గొంతులు ఉంటాయట. ఆయన రెండే వాడేవారు. మిగతావి నొక్కరేమండి అంటే, "కొట్లో ఉన్న చీరలన్నీ ఒకేసారి కట్టుకుంటారేంటయ్యా?" అన్నారు. పాడేవాళ్ళు చరణం ముగించి ఊపిరి తీసుకునేదాకా ఆగి, అప్పుడు వేలు ఆనించేవారు. రవ్వంత ఆలస్యం. ఆ సందులో నేను ఒక్క దెబ్బ మెత్తగా వేసేవాణ్ణి. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు, అలా కుదిరింది. భజన అయ్యాక కొట్టు నుంచి తెచ్చిన పాప్లిన్ ముక్కతో కీబోర్డు మెట్లన్నీ తుడిచి, "టీ తాగావా డోలకూ?" అని అడిగేవారు. నా పేరు ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఆరేళ్ళ కింద భజన పాట ఒకటి రికార్డు చేయించడానికి ఇద్దరం బస్సెక్కి నందిగామ వెళ్ళాం. శెట్టిగారు ఒక్కసారి వాయించారు, ఎప్పటిలాగే. నేను డోలకు సంచి విప్పబోతే స్టూడియో ఆయన, "అక్కర్లేదండి, బీటు కంప్యూటర్లో ఉంది" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. శెట్టిగారు మెట్ల దాకా వచ్చి, "ఉండవయ్యా, కలిసి పోదాం" అన్నారు. నేను వెనక్కి చూడలేదు.

వారానికి పాట వచ్చింది. వయొలిన్లు, వేణువులు, కోరస్సు, గుడి గంటలు, ఉరుము లాంటి బీటు, అన్నిటి మీదా ఎకో. ఒక్కొక్కటి విడిగా వింటే వంక పెట్టేది లేదు. మెల్లగా ఉండాల్సింది, గట్టిగా ఉండాల్సింది అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. చెవి కాసేపు కూర్చుందామంటే చోటు లేదు. అందులో శెట్టిగారెక్కడో నాకు దొరకలేదు.

రెండు నెలలు భజనకు పోలేదు. ఆయనే మా ఇంటికి వచ్చారు.

"ఆ స్టూడియో ఆయన ఒక వాయిద్యం పెట్టి ఎలా ఉందండీ అన్నాడయ్యా. బాగుంది బాబూ అన్నా. ఇంకోటి పెట్టాడు. బాగుందంటే ఊరుకుంటాడనుకున్నా. అన్నకొద్దీ పెట్టాడు."

"వద్దని చెప్పలేకపోయారా?"

"కొట్లో కూర్చున్నవాణ్ణి, వద్దు, లేదు అనే అలవాటుందా నాకు? నువ్వుంటే అనేవాడివి."

గుమ్మం దాటబోతూ, "అక్కడక్కడా లేటయ్యారు, సరి చేశానన్నాడు. దానికీ బాగుందన్నా" అన్నారు.

నువ్వుంటే అన్న మాట నాకు తగిలింది. లేచి రావడం నా తప్పని మాత్రం నేను అనలేదు. ఆ తర్వాతి శనివారం పోయి పక్కన కూర్చున్నాను. ఆయనా మళ్ళీ ఎత్తలేదు. నేను చెప్పాల్సింది ఇక చెప్పడానికి లేదు.

మొన్న శనివారం మండలివాళ్ళు ఫోనులో ఆ పాట పెట్టి, శెట్టిగారు ఉన్నట్టే ఉంటుంది, వాయించమన్నారు. వాయించాను. చరణం చివర చేయి ఆగింది. పాట ఆగలేదు. నాకోసం ఎవరూ ఆగలేదు. డోలకు సంచిలో పెట్టి ఇంటికొచ్చాను. భజనలో ఆయన వాయిస్తుంటే ఫోన్లలో తీసినవి ఉన్నాయి గాని, వాటిలో తాళాలు తప్ప ఏమీ వినపడవు.

స్టూడియో ఆయనా, ఇది నీకే రాస్తున్నాను. నువ్వు చెడ్డవాడివని అనను. ఆయన బాగుందన్నారు, నువ్వు పెట్టావు. కానీ నువ్వేమీ పెట్టకముందు, ఏమీ సరి చేయకముందు ఆయన ఒక్కరే వాయించింది ఒకటుంది. అది నీ కంప్యూటర్లో ఉందా, చెరిపేశావా? ఉంటే నేనే బస్సెక్కి వస్తాను. లేకపోతే లేదని ఒక్క మాట చెప్పు, ఆ పాటలో ఆయన్ని వెతకడం మానేస్తాను. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి భజన. ఆ లోపు నాకు జవాబు కావాలి.