‘రన్’ చుట్టూ ఒక ఖాళీ గీత

మా చిన్న చెల్లెలు పోయిన సోమవారం పొద్దున్నే దవాఖానలో కన్నుమూసింది. మన్సూరాబాద్‌లో తన ఇంటి ముందుగదిలో ఆడవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేది. మీలో కొందరు ఆ చాపల మీద కూర్చున్నవాళ్లే.

వ్యాకరణం జోలికి పోయేది కాదు. వారానికి ఒక చిన్న మాట. దాన్ని బోర్డు నడుమ రాసి చుట్టూ గీతలు గీసేది. “మాట నేనిస్తా. దాని చుట్టాలను మీరు పట్టుకొని రాండ్రి” అనేది. బస్సులోనో టీవీలోనో విన్నది తెచ్చి, తమ ఇంట్లో జరిగిన సంగతితో కలిపి చెప్తేనే అది బోర్డెక్కేది. ఎన్ని నిండినా ఒక గీత ఖాళీగా వదిలేది. “ఇంకోటి ఎక్కడ్నో ఉంటది. చూస్తుండుండ్రి.”

చివరి మాట ‘రన్’. నేను వెనక కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. కొత్తపేట రైతుబజారులో చిన్ననాటి స్నేహితురాలు ఎదురుపడిందని ఒకామె ‘రన్ ఇంటూ’ తెచ్చింది. ‘రన్ అవుట్’ దగ్గర గదంతా గోల. ఒకరింట్లో ఉప్పు అయిపోయింది, ఇంకొకరింట్లో గ్యాసు. గుంటూరు నుంచి వచ్చిన కోడలు లేచి, “మా అత్తగారి మాటలు మాత్రం రన్ అవుట్ అవ్వవండీ” అంది. చెల్లెలు నవ్వు ఆపుకోలేక సుద్దముక్క జారవిడిచింది. “గిదే! గిట్లనే చెప్పాలె!”

లోపల జబ్బు ముదిరిందని అప్పటికి మాకెవరికీ తెలియదు. ఆ వారమే దవాఖానలో చేర్చాం.

వరండాలో డాక్టరు, “వియ్ ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ ఆప్షన్స్” అని వెళ్లిపోయాడు. చెల్లెలి భర్త నా మొహం చూశాడు. “ఏమన్నడు వదినా?”

నాకు అర్థమైంది. ఇక చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. నాకు ఇంగ్లీషు రాకపోయుంటే బాగుండేదనిపించింది. చెప్పాను. అతను గోడకు ఆనుకున్నాడు.

లోపలికి వెళ్తే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. “డాక్టరు ఏ మాట వాడిండక్కా?”

తన దగ్గర నేర్చుకున్నదాన్ని తనకే ఒప్పజెప్పాను.

“సరిగ్గనే వాడిండు” అంది.

దేవుడి పేరు తలుచుకోవడం తప్ప నాకేమీ చేతకాలేదు. తన చెయ్యి నా చేతిలోనే ఉంది.

నిన్న నాలుగింటికి, క్లాసు వేళకు, ఎవరూ పిలవకుండానే అందరూ వచ్చారు. చాపలు వాళ్లే పరుచుకున్నారు. గుంటూరు కోడలు కొత్తగా ఏదో తెచ్చినట్టుంది. పెదవులు కదిలాయి. బోర్డు మీది ఖాళీ గీతను చూసి మళ్లీ నోరు మూసుకుంది. నేను బోర్డు కింద దీపం పెట్టాను. సుద్దముక్క వైపు ఎవరి చెయ్యీ పోలేదు.