నడిరోడ్డు మీద మా దఫేదారమ్మ

మా దఫేదారమ్మ పోయారు. నేను కోర్టు ఆవరణలో ఉండగా, ఆమెతో పనిచేసిన మహిళా కానిస్టేబుల్ నాకు ఫోన్ చేసింది. "అక్కా, పొద్దున డ్యూటీకి తయారవుతా గుండె పట్టుకొని కూచున్నారంట. అంతే..." అని ఫోన్ పెట్టేసింది. నా వాయిదాలు సీనియర్‌కు అప్పజెప్పి చింతామణిలో ఆమె ఇంటికి వెళ్ళాను.

హెడ్ కానిస్టేబుల్‌ను కర్ణాటకలో మా వైపు దఫేదార్ అంటారు. లా చదివే రోజుల్లో మా కాలేజీ నన్ను ఒక నెల ఇంటర్న్‌గా మా జిల్లాలోని ఒక పోలీస్ స్టేషన్‌కు పంపింది. అక్కడ నన్ను ఆమెకు అప్పగించారు. ఆ నెలలో నాకు గురువు ఆమే.

ఇంటి ముందు షామియానా కింద ఒక పెద్దాయన అంటున్నాడు: "మంచి మనిషే. నోరొక్కటి తగ్గించుకొనుంటే ఈపాటికి ఎస్సై అయ్యుండేది." పక్కవాళ్ళు తలూపారు. నేను ఊపలేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే. అవును, ఆమె నోరు తగ్గించుకోలేదు. తగ్గించుకోనందుకే ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

స్టేషన్‌కు వచ్చే పేదవాళ్ళు గుమ్మంలోనే వంగి చేతులు జోడిస్తారు. ఆమెకు అది గిట్టదు. "చేతులు దించమ్మా. ఇది గుడి కాదు, నేను దేవుణ్ణీ కాదు. కూచోని చెప్పు" అని కుర్చీ జరిపేవారు. జేబులో ఎప్పుడూ బొరుగులు, వేరుశనగ విత్తనాలు ఉండేవి. ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ముందు అవే చేతిలో పోసేవారు. "నమిలేటప్పుడు ఏడ్చేకి రాదు, చూడు" అని నాతో నవ్వేవారు. అధికారులతో కన్నడంలో, ఫిర్యాదుకు వచ్చినవాళ్ళతో తెలుగులో మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం అందరితోనూ తెలుగే. కైవార గుడి దగ్గర బందోబస్తుకు వెళ్ళినప్పుడు ఆడవాళ్ళ వరుసలో దూరిన ఒక నాయకుడిని పట్టుకొని, "యాడికప్పా? చీర కట్టుకొని రా, పంపిస్తా" అన్నారు. జనమంతా ఒకటే నవ్వు.

ఒక మధ్యాహ్నం కూరగాయల మండీ యజమాని ఒకాయన తన ఇంట్లో పనిచేసే ఆమెను కారులో స్టేషన్‌కు తీసుకొచ్చాడు. తన భార్య బంగారు గొలుసు పోయిందట, ఈమే తీసిందట. ఆ పనామె కాళ్ళకు చెప్పులు కూడా లేవు. చెప్పులేసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా లాక్కొచ్చాడు.

"కొంచెంసేపు ఈడ కూచోబెట్టి నాలుగు తగిలించండమ్మా. అదే ఒప్పుకుంటుంది" అన్నాడు.

"కంప్లైంటు రాసియ్యండప్పా" అన్నారు దఫేదారమ్మ.

"కంప్లైంటెందుకు? మా ఇంటి మాట బయట పడితే మా మర్యాదేం కావాల?"

"మీ మర్యాద మీకుంటే ఈమె మర్యాద ఈమెకుండాది. రాసిస్తే విచారిస్తాం. రాయకుండా ఆడమనిషిని బెదిరించేకి ఇది మీ మండీ కాదు."

ఆయన బయటికెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి లోపల ఎస్సై గదిలో ఫోన్ మోగింది. ఆయన దఫేదారమ్మను లోపలికి పిలిచారు. ఎస్సై గొంతు కన్నడంలో పెరిగింది. బదులుగా ఆమె తెలుగు వినిపించింది: "నేను చేయను సార్. చేయాలంటే మీరే బయటికొచ్చి చేయండి. లా చదివే పాప చూస్తాండాది. నేనూ పక్కనే నిలబడి చూస్తా."

ఎస్సై బయటికి రాలేదు. మండీ యజమాని కారెక్కి వెళ్ళిపోయాడు.

పనామె మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "నన్ను కార్లో ఈడికి తెచ్చేది ఊరంతా చూసింది మేడమ్. ఇంక నాకెవురు పనిస్తారు?" అంది.

దఫేదారమ్మ టోపీ పెట్టుకున్నారు. "ఊరంతా చూసిందా? అయితే ఇంగోసారి చూడనీ, లే."

"జీపులో దింపుదామా మేడమ్?" అని అడిగాను.

"జీపులో పోతే పట్టుకపోతాండారు అనుకుంటారు. నడుద్దాం పా."

మిట్ట మధ్యాహ్నం, సంత రోజు. స్టేషన్‌లో ఎవరివో చెప్పులు అడిగి ఆమెకు తొడిగించారు. భుజం మీద చేయి వేసి బజారు వీధి మధ్యలో, ఆ మండీ ముందునుంచే నడిపించుకొని వెళ్ళారు. వెనక నేను. టీ కొట్టు దగ్గర ఆగి మొదటి గ్లాసు ఆమె చేతికే ఇప్పించారు. "దొంగ దొరికిందా మేడమ్?" అని ఎవరో నవ్వుతూ అడిగారు.

"ఈమె మీద ఒక్క కంప్లైంటు లేదు. ఈమెను దొంగనేటోళ్ళు ఎవురన్నా ఉంటే నా దగ్గరికి రండి, మీ పేరు రాసుకుంటా."

ఎవరూ రాలేదు. ఆ గొలుసు దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మనిషికి మాత్రం ఆ వీధిలోనే ఒక హోటల్‌లో పని దొరికింది. దఫేదారమ్మకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. బాగేపల్లి అవతల, ఆంధ్ర సరిహద్దు దగ్గరికి. నేను కన్నీళ్ళు పెట్టుకుంటే కసిరారు: "ట్రాన్స్‌ఫరంటే ఏముండాది? ఎక్కే బస్సు మారుతుంది. నేను మారతానా?"

మారలేదు. అక్కడా ఎవరికో ఎదురు చెప్పి ఇంకోచోటికి వెళ్ళారు. ఎస్సై కాలేదు నిజమే. కానీ ఇప్పుడు కోర్టులో ఎదుటి వకీలు గదమాయిస్తే నా గొంతు వణకదు. ఆ గొంతు నాకు ఏ కాలేజీ ఇవ్వలేదు.

పాడె లేచింది. వీధి మలుపు దగ్గర బంధువుల్లో ఇంకో పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు. "ఆడోళ్ళు ఈడనే నిలబడిపోండి. మశానానికి రాకూడదు."

దఫేదారమ్మ కూతురు ఆగింది. ముఖం తుడుచుకుంది. "మా అమ్మను చచ్చినోళ్ళ కాడికి డ్యూటీకి పంపేటప్పుడు ఎవురూ ఆడదని నిలబెట్టలేదు కదప్పా" అని ఆయన చేతి కిందనుంచి ముందుకు నడిచింది. ఆమె వెనక మహిళా కానిస్టేబుళ్ళు. వాళ్ళ వెనక నేను. నా వెనక ఇంకా ఎవరెవరో అడుగులు వేస్తున్న చప్పుడు.

పెద్ద రోడ్డు మీద టమాటా లారీలు పక్కకు తీసి ఆగాయి. డ్రైవర్లు దిగి తలగుడ్డలు తీశారు. ఎర్రటి ఎండలో, ఆ లారీల మధ్య, ఖాకీ బట్టల్లో ఆడవాళ్ళు తలెత్తుకొని నడుస్తున్నారు.