కొత్తవాడ పశువుల డాక్టరమ్మ

కొత్తవాడలో వెంకట్రాజం ఉండే సందు పొడుగునా మగ్గాల చప్పుడే. జంపఖానా నేసేవాళ్ళు పంజాతో నూలును దగ్గరికి కొట్టే చప్పుడు పొద్దున్నే మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగదు. ఆ సందులో పాడి ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. వెంకట్రాజం ఇంట్లోకైతే పిల్లిని కూడా రానిచ్చేవాళ్ళు కాదు. నూలంతా చిక్కు చేస్తుందని అతని భార్య సుగుణ చీపురు పట్టుకుని తరిమేది. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, రాజశ్రీ. పాలప్యాకెట్ తప్ప బర్రెతో ఏ సంబంధమూ లేని ఆ ఇంటి నుంచి పశువుల డాక్టరు వస్తుందని ఎవరూ అనుకోలేదు. రాజశ్రీ అసలు అనుకోలేదు.

ఆమె అనుకున్నది ఎంబీబీఎస్. హనుమకొండలో బైపీసీ చదివి, నీట్ రాసి, సీటు రాక, ఇంకో ఏడాది కోచింగు తీసుకుని మళ్ళీ రాసింది. ర్యాంకు మెరుగైంది గానీ మెడికల్ సీటుకు సరిపోలేదు. ఫలితాలు వచ్చిన రోజు తల్లి పక్కన కూర్చుని రాజశ్రీ నూలు కండెలు చుడుతూ ఉండిపోయింది. చూసి చూసి వెంకట్రాజం మగ్గం దిగాడు. బిడ్డను వెంటబెట్టుకుని, ఇంటర్‌లో ఆమెకు జువాలజీ చెప్పిన రాజేశ్వర్ రావు సారు ఇంటికి వెళ్ళాడు.

సారు ర్యాంకు చూశాడు. "గిదే నీట్ ర్యాంకుతోని వెటర్నరీ సీటు వస్తది గదయ్యా. బీవీఎస్సీ. నాలుగున్నరేండ్లు చదువు, మీదికెళ్ళి ఏడాది ఇంటర్న్‌షిప్. కాలేజీ ఎక్కడో లేదు, మామునూరుల ఉన్నది."

"మన మామునూరేనా సార్?" అన్నాడు వెంకట్రాజం నమ్మలేనట్టు. ఊరి పొలిమేరలో అంత చదువు ఉందని అతనికి తెలియదు.

రాజశ్రీ తల దించుకుంది. "గొడ్ల డాక్టరా సార్?"

సారు కోప్పడలేదు. "మనుషుల డాక్టర్ ఒక్క జీవిని చదువుతడు బిడ్డా. నువ్వు ఆవు, బర్రె, గొర్రె, మేక, కోడి, కుక్క, గుర్రం, అన్నిటినీ చదవాలె. పేషంటు నోరు తెరిచి నాకు ఫలానా దగ్గర నొస్తాందని చెప్పడు. నువ్వే కనిపెట్టాలె. ఏది కష్టమో ఇంటికి పోయి ఆలోచించు."

ఆమె ఆలోచించింది గానీ మనసు ఒప్పలేదు. తండ్రి ముఖం చూసి కౌన్సెలింగుకు వెళ్ళింది. సీటు వచ్చింది. హాస్టల్‌కు పోయే పెట్టెలో బట్టల అడుగున నీట్ పుస్తకాలు సర్దుకుంది. ఒక్క ఏడాది ఇక్కడ గడిపి మళ్ళీ రాసి బయటపడాలన్నది ఆమె లెక్క.

మొదటి ఏడాదంతా ఎముకలే. గుర్రం ఎముకకూ ఎద్దు ఎముకకూ తేడా చెప్పాలి, కళ్ళకు గంతలు కట్టినా చెప్పగలగాలి. కళేబరాలు చెడకుండా పోసే ఫార్మాలిన్ వాసన జుట్టుకు పట్టి తలంటుకున్నా పోయేది కాదు. పండుగకు ఇంటికి వస్తే సందులో ఆడవాళ్ళు, "ఏమే, సూదులు బర్రెకు మెడకేస్తరా, తొడకేస్తరా?" అని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వినట్టు చేసి లోపలికి వెళ్ళిపోయేది.

ఆ చలికాలం ఒకరోజు కాలేజీ ఆసుపత్రికి ఒక ముసలి గొల్లాయన మేకను భుజాన వేసుకుని వచ్చాడు. మేక పొట్ట డోలులా ఉబ్బింది, కళ్ళు తేలేసింది. ఫైనలియర్ అమ్మాయి పూజ ఎడమవైపు డొక్క మీద వేలితో తట్టి చూసి, వెంట్రుకలు గీసి, సన్నటి గొట్టమున్న సూదిని ఒక్క పోటున దించింది. బుస్సుమని గాలి వెళ్ళిపోయింది. చూస్తుండగానే పొట్ట దిగింది. కాసేపటికి మేక లేచి నిలబడి, పక్కనే ఉన్న రాజశ్రీ దుపట్టా కొసను నమలడం మొదలుపెట్టింది. ముసలాయన బోసినోటితో ఎంత నవ్వాడంటే, అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని రాజశ్రీకి వెంటనే తెలియలేదు. ఆ సాయంత్రం ఆమె పెట్టె అడుగు నుంచి నీట్ పుస్తకాలు తీసి, కోచింగుకు పోతున్న పక్కింటి పిల్లకు పంపించేసింది.

అంతటితో చదువు తేలికైపోలేదు. పశువుల చూలు పరీక్ష దగ్గర ఆమె మళ్ళీ నిలిచిపోయింది. భుజం దాకా గ్లవుజు తొడుక్కుని, బర్రె వెనకనుంచి చెయ్యి పెట్టి, పేగు గోడమీంచే గర్భసంచిని తడిమి పట్టుకోవాలి. బ్యాచ్‌లో ఒక్కొక్కరూ చెయ్యి పెట్టి "దొరికింది మేడం" అంటూ తప్పుకున్నారు. రాజశ్రీ వంతు వచ్చింది. లోపల అంతా వేడిగా, మెత్తగా, ఒకటే ముద్దలా ఉంది. బర్రె ముక్కితే చెయ్యి తిమ్మిరెక్కి తనది కానట్టే అయింది.

"నాకేం దొరకలేదు మేడం," అంది.

ఆ సబ్జెక్టు చెప్పే డాక్టర్ స్రవంతి ఆమె వైపు తిరిగింది. "మంచిది. దొరకలేదన్నోళ్ళకు నేను నేర్పగలుగుత. అబద్ధం చెప్పినోళ్ళకు బర్రెనే నేర్పుతది, కాకపోతే రైతు ముందట." తప్పుకున్నవాళ్ళలో కొందరు నేలచూపులు చూశారు. మేడం మళ్ళీ అంది, "లోపల చూసేది కండ్లతోని కాదు. వేళ్ళకు తొందర పెట్టకు. ముందు కటి ఎముకను పట్టుకో, ఆడికెళ్ళి కిందికి దిగు."

హసన్‌పర్తి దగ్గర ఒక డెయిరీ యజమానిని మేడమే అడిగి ఒప్పించింది. ఆదివారాలు రాజశ్రీ అక్కడికి పోయేది. చెయ్యి కమిలి, మరునాడు పెన్ను పట్టుకోవడమే కష్టమయ్యేది. వారాలు గడిచాయి. ఒకరోజు చూలు బర్రె కడుపులో, సంచి గోడకు అవతల, చిన్న గిట్ట ఒకటి ఆమె వేలికి తగిలి, తగిలిందే చాలన్నట్టు చటుక్కున వెనక్కి పోయింది. రాజశ్రీ చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయింది. ఇంకా పుట్టని ప్రాణి ఒకటి తన స్పర్శకు బదులిచ్చింది. ఇంటికి ఫోను చేసి చెప్పబోతూ ఏడ్చేసింది. "ఏమైంది బిడ్డా, పరీక్ష పోయిందా?" అని సుగుణ కంగారుపడింది.

ఇంటర్న్‌షిప్‌లో భాగంగా ఆమెను కొన్నాళ్ళు రఘునాథపల్లి వైపు పశువుల దవాఖానకు వేశారు. ఒకరోజు వెంకట్రాజం జనగామలో దుకాణానికి జంపఖానాలు వేయడానికి శేఖర్ అనే అతని ట్రాలీ ఆటోలో బయలుదేరాడు. దారే కదా అని బిడ్డను ఎక్కించుకున్నాడు. దవాఖాన ముందు ఆమె దిగేసరికి కట్టయ్య అనే రైతు ఆదరాబాదరా ఎదురొచ్చాడు.

"సారు లేడా? బర్రె పొద్దుగాల్నుంచి నొప్పులు తీస్తాంది. ఉమ్మనీరు గిట్ట ఏం రాలే. లేస్తాంది, పంటాంది, కాళ్ళతోని కడుపు తన్నుకుంటాంది."

ఆ దవాఖాన డాక్టర్ హరికృష్ణ ఇంకో ఊళ్ళో గొర్రెలకు టీకాలు వేయిస్తున్నాడు. రాజశ్రీ ఫోను చేసింది. అంతా విని ఆయన, "నువ్వు పోయి చెయ్యి పెట్టి చూడు. ఏం దొరికిందో నాకు చెప్పు. ఈడినుంచి బయల్దేరుతాన," అన్నాడు. కట్టయ్య మొహం వేలాడేశాడు. వెంకట్రాజం ట్రాలీలో జంపఖానాల కట్టలు ఒక పక్కకు జరిపి, బిడ్డ మందుల పెట్టెకు చోటు చేశాడు.

కట్టయ్య కొట్టం ముందు అప్పటికే పదిమంది పోగయ్యారు. "గీ పిల్లనా?" అని ఎవరో అన్నారు. కట్టయ్య కూడా, "పెద్దసారు రానీ అమ్మా, జరసేపు ఆగుదాం," అన్నాడు. అతని భార్య యాదవ్వ బర్రె మెడ నిమురుతూ కూర్చుని ఉంది. తల తిప్పకుండానే, "ఇది ఆగుతదా? పిల్ల సదువుకొని వచ్చింది. సెయ్యి వెట్టనీ," అంది.

రాజశ్రీ చేతులు కడుక్కుని చెయ్యి పెట్టింది. దారి ఉండాల్సిన చోట దారి లేదు. గోడలు బట్ట పిండినట్టు కుడివైపుకు మెలి తిరిగి, వేళ్ళు కొంత దూరం పోయి ఆగిపోయాయి. గ్లవుజు మార్చి, ఈసారి పేగు గోడమీంచి తడిమింది. సంచిని పట్టి ఉంచే నరంలాంటి పట్టీ ఒకటి అడ్డంగా బిగిసి తగిలింది. ఆమెకు అనుమానం లేదు.

"సార్, గర్భసంచి మెలి పడింది. కుడిపక్క. దూడ పాణంతోనే ఉన్నది, కాలు గుంజుకుంది," అని ఫోనులో చెప్పింది.

"కుడిపక్కనే అని నమ్మకమేనా?"

"నమ్మకమే సార్."

"అయితే దొర్లించు. నేను వచ్చేదాకా చూడకు."

మెలి ఎటు తిరిగిందో బర్రెను అటే దొర్లించాలి. పొరపాటున ఇంకో వైపు తిప్పితే మెలి ఇంకా బిగుస్తుంది. రాజశ్రీ జనం వైపు తిరిగింది. "పగ్గాలు తేండ్రి. పొడుగు చెక్క ఒకటి కావాలె, గట్టిది." ఎదురుగా కడుతున్న ఇంటి నుంచి సెంట్రింగ్ చెక్క వచ్చింది. బర్రెను మెల్లగా కుడివైపుకు పడుకోబెట్టి ముందు కాళ్ళు జతగా, వెనక కాళ్ళు జతగా కట్టారు. బర్రె తల నేలకేసి కొట్టుకుంటోంది. వెంకట్రాజం ట్రాలీ దగ్గరికి పోయి, దుకాణానికి పోవాల్సిన కొత్త జంపఖానా ఒకటి తెచ్చి దాని తల కింద పరిచాడు. కన్ను గీసుకుపోకుండా సరిచేశాడు. ఎవరూ అతనికి చెప్పలేదు.

చెక్క ఒక కొస నేల మీద ఆనించి, మిగతాది బర్రె డొక్క మీదుగా వేశారు. చెక్క మీద ఒకరు నిలబడితే ఆ బరువుకు లోపల సంచి కదలదు, బర్రె ఒక్కటే తిరుగుతుంది. బరువు ఎక్కువైతే లోపల దెబ్బ తగులుతుంది. రాజశ్రీ చుట్టూ చూసి బక్కపలచగా ఉన్న తండ్రిని పిలిచింది.

"నాయినా, నువ్వెక్కు. నేల దిక్కు కొస మీదికెళ్ళి మొదలువెట్టు. బర్రె తిరుగుతుంటె మెల్లగ అడుగు జరుపు. నేను ఆగు అంటె ఆగాలె."

వెంకట్రాజం చెప్పులు విప్పి ఎక్కాడు. ఏళ్ళ తరబడి మగ్గం గుంటలో కూర్చుని పనిచేసిన మనిషి, నలుగురి ముందు, బిడ్డ చెప్పినట్టు అడుగు తీసి అడుగు వేశాడు. మిగతావాళ్ళు పగ్గాలు పట్టి బర్రెను వెల్లకిలా తిప్పి అవతలికి దించారు. రాజశ్రీ చెయ్యి పెట్టి చూసింది. మెలి వీడలేదు. మళ్ళీ మొదటికి తెచ్చి మళ్ళీ దొర్లించారు. కొంచెం సడలింది గానీ చాలదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కట్టయ్య రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఇంకొక్కసారి," అంది రాజశ్రీ. "ఈసారి ఆపకుండ, ఒక్క తీరుగ తిప్పుండ్రి. నాయినా, తొందర వద్దు."

ఈసారి బర్రె అవతలికి దిగుతుండగానే ఏదో జారినట్టు డొక్క కదిలింది. వెంటనే వెనకనుంచి నీళ్ళు భళ్ళున వచ్చి రాజశ్రీ మోకాళ్ళు తడిపేశాయి. యాదవ్వ కేక వేసింది. రాజశ్రీ చెయ్యి పెట్టింది. దారి తెరుచుకుంది. రెండు గిట్టలు, వాటి మీద ఆనిన మూతి వేళ్ళకు తగిలాయి.

కట్లు విప్పించింది. బర్రె ముక్కినప్పుడే లాగుతూ, ఆగినప్పుడు ఆగుతూ దుడ్డెను బయటికి తెచ్చింది. ముక్కులో జిగురు తీసి, వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తించి, గడ్డితో రొమ్ము రుద్దింది. దుడ్డె తుమ్మింది. చెవులు విదిలించింది. "ఆడదే!" అని యాదవ్వ మురిసిపోయింది.

డాక్టర్ హరికృష్ణ బండి దిగేసరికి తల్లి బర్రె దుడ్డెను నాకుతోంది. ఆయన చేతులు కడుక్కుని సంచిని ఒకసారి పరీక్షించి, లేచి, కట్టయ్యతో అన్నాడు. "నాకేం పని మిగల్చలేదయ్యా మా డాక్టరమ్మ. సెలైన్, మందులు ఆమెనే రాస్తది, ఆమె చెప్పినట్టు వాడు."

కట్టయ్య రెండు చేతులు జోడించాడు. రాజశ్రీ తండ్రి వైపు చూసింది. వెంకట్రాజం బర్రె చొంగకు తడిసిన జంపఖానాను మడత పెడుతున్నాడు. మడత కుదరడం లేదు. జీవితమంతా జంపఖానాలు మడిచిన చేతులు మళ్ళీ విప్పి మళ్ళీ మడుస్తున్నాయి.

"ఇంటిదాక పోతవా నాయినా, జనగామ పోతవా?" అని అడిగింది.

"జనగామనే పోత. ఆర్డర్‌ల ఒకటి తక్కువైందని చెప్పాలె గద," అన్నాడు. జంపఖానాను చంకన పెట్టుకుని, "ఎందుకు తక్కువైందో గూడ చెప్త," అన్నాడు.

చెప్పాడు. జనగామలోనే కాదు, తిరిగి వచ్చాక కొత్తవాడ అంతా చెప్పాడు.

ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక రాజశ్రీ వెటర్నరీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంది. సర్కారు ఉద్యోగం వచ్చి ఇప్పుడు ఒక మండలంలో పశువుల డాక్టరుగా చేస్తోంది. ఆమె దవాఖానలో శ్రావణి అనే సహాయకురాలు ఉంది. పది అయ్యాక పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి వచ్చిన పిల్ల. కృత్రిమ గర్భధారణ చేయడంలో శ్రావణి చెయ్యి చాలా నికరమని రాజశ్రీ అందరి దగ్గరా చెబుతుంది. ఎప్పటికైనా తాను పై చదువు ఎంవీఎస్సీ చేసి, మామునూరులో చూలు పరీక్ష నేర్పాలన్నది రాజశ్రీ కోరిక.

మొన్న సెలవుకు ఇంటికి వచ్చిన రాజశ్రీ స్నానం చేసి తలుపు దాకా వచ్చేసరికి, అరుగు మీద సిద్దిరాములు కనిపించాడు. పక్క సందులో మగ్గం నేస్తాడు. మనవరాలు పది పాసైందట, ఏం చదివించాలో అడగడానికి వచ్చాడు. అడుగుతున్నది రాజశ్రీని కాదు, వెంకట్రాజాన్ని.

"జల్ది నౌకరి కావాల్నంటె పది మీదనే డిప్లొమా ఉన్నది, రెండేండ్లు," అంటున్నాడు వెంకట్రాజం, మగ్గం దిగకుండానే. "పెద్ద డాక్టర్ కావాల్నంటె ఇంటర్‌ల బైపీసీ తీసుకోవాలె, నీట్ రాయాలె. అయిదున్నరేండ్లు. దాని మీద ఎంవీఎస్సీ. ఆడపిల్లకేం ఫికర్ లేదు. బలం కాదు కావాల్సింది, చెయ్యికి ఓపిక కావాలె."

సుగుణ లోపలినుంచి, "బిడ్డ ఇంట్లనే ఉన్నది గదా, దాన్ని అడుగరాదుండ్రి?" అంది.

"అలసిపోయి వచ్చింది, పండనియ్యి," అన్నాడు వెంకట్రాజం. "గీ ముచ్చట నేను చెప్పలేనా?"

రాజశ్రీ తలుపు చాటునే నిలబడి, తడి జుట్టు తుడుచుకుంటూ, తండ్రి ఎక్కడైనా తప్పు చెబుతాడేమోనని విన్నది. ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు.