తమ్ముడ్ని తీస్కరమ్మన్న డాక్టర్ సార్

ఫిల్మ్ నగర్ల మా కండ్ల డాక్టర్ సార్ నిన్న పోయిండు. ఫోన్ల ఇనంగనే నాకు ఏడుపు రాలె, ఒళ్లు మండింది. సార్ మీద గాదు, నా తమ్ముడి మీద.

నేను షూటింగులల్ల లైట్లు మోస్త. అద్దాలు రాయించుకుందామని పోతే సార్ ఊకోలె. సుక్కలేసి, చీకటి గదిల కూసోవెట్టి, సన్న లైటు వట్టుకొని మొఖం మీదికే ఒచ్చిండు. గుప్పున లవంగం వాసన.

"సార్, జర దూరం. పెండ్లైనోన్ని."

"నీ మొహం కోసం కాదురా, నీ నరం కోసం. కదలకు!"

కంటి ఎనుక నరం సాసర్ లెక్క గుండ్రంగుంటదంట, నడుమ చిన్న గుంత. ఆ గుంత పెద్దగైతుందంటే నరం పాడైతున్నట్టు. నాకు పెద్దగైంది. నొప్పి లేదు, మసక లేదు, కంట్ల ప్రెషర్ గూడ మంచిగనే ఉంది. నీటికాసులు, గ్లాకోమా అన్నడు.

"గంత గుంతల ఇరానీ చాయ్ పోస్కోవచ్చు సార్."

సార్ నవ్వలె. "ముందు పక్క చూపు పోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. పోయిన చూపు తిరిగి రాదురా. ఉన్నది కాపాడుకోవాలి. ఇది ఇంట్లో వాళ్లకీ వస్తుంది. మీ తమ్ముణ్ని తీసుకురా."

నేను ఇయ్యాల్టికి లైట్లు మోస్తున్ననంటే సార్ పుణ్యమే. ఎప్పుడు పోయినా నమస్తే గూడ తీస్కోకుంట అడిగేటోడు, "తమ్ముడేడిరా?"

తమ్ముడు మాదాపూర్ సాఫ్ట్‌వేరోళ్లకు క్యాబ్ తోలుతడు. "సుక్కలేస్తే దినమంత మసక. డ్యూటీ ఎవడు జేస్తడన్నా? నాకు మంచిగనే కనవడుతుంది" అంటడు. సార్ దగ్గరికొచ్చే సాఫ్ట్‌వేర్ పోరగాండ్లు గూడ గంతే. "అద్దాలు రాసియ్యండి సార్, మీటింగుంది" అనేటోళ్లు. "ఇది కళ్లజోళ్ల షాపా?" అని సార్ గరమయ్యేటోడు.

ఒకసారి దవాఖానకు హీరోయిన్ ఒస్తుందని తమ్ముడికి అబద్ధం జెప్పిన. పౌడర్ రాస్కొని ఒచ్చిండు. ముసలోళ్లను సూసి ఉరికిండు. సార్ సుక్కల సీస వట్టుకొని మెట్ల దాంక ఎంబడి వడ్డడు. "ఒక్క చుక్క వేయించుకోరా బాబూ!" వాడు ఆగితెనా?

ఇయ్యాల పొద్దున సార్ ఇంటికి తమ్ముడు నాతోని ఒచ్చిండు. పూలేసి మళ్లుతుంటే పక్కన కుర్సీల కూసున్న తాత కాలు తొక్కిండు.

"సూస్తలేవా?"

"కనవడలె తాతా" అన్నడు, మామూలుగ.

సార్ జెప్పిన పక్క చూపు యాదికొచ్చింది. వాని చేతుల్నుంచి కారు తాళం గుంజుకున్న. "అన్నా, పికప్ ఉంది!" అని మొత్తుకుంటున్నా ఇనలె. బంజారా హిల్స్‌ల ఇంకో దవాఖానకు లాక్కపోయిన.

సుక్కలేసిండ్రు. డాక్టరమ్మ పిలిచేదాంక బెంచీ మీద కూసున్నం. తమ్ముడి ఫోన్ మోగింది. కండ్ల దగ్గరికి తెచ్చుకున్నడు, దూరం వెట్టిండు, మళ్ల దగ్గరికి తెచ్చిండు.

"అన్నా, ఎవరో జర సూడు" అని చెయ్యి సాపిండు. ఆ చేతుల ఫోన్ మోగుతనే ఉంది.