మాఘ పౌర్ణమి నాడు కాసిల్‌పాయింట్ సముద్రంలో

పోయిన ఏడాది మా అమ్మాయి శారదకి కడుపులో ఆపరేషన్ అయినప్పుడు, గండం గట్టెక్కితే తల్లీకూతుళ్ళం చెయ్యి పట్టుకుని మాఘ పౌర్ణమికి సముద్రస్నానం చేస్తామని మొక్కుకున్నాను. మా బందరులో అయితే మంగినపూడి బస్సెక్కితే సరిపోయేది. ఇప్పుడు నేను పామర్‌స్టన్ నార్త్‌లో దాని ఇంట్లో ఉన్నాను. పై వారం వీసా అయిపోతుంది. ఈ పౌర్ణమి తప్పితే మళ్ళీ ఎప్పటికో, అప్పటికి నేనుంటానో లేదో. భూగోళానికి కింది సగంలో ఉన్న ఈ దేశంలో మాఘం నడివేసవి కదా, చలి ఉండదని ధైర్యం చేసి దాన్ని బయలుదేరదీశాను.

తెల్లవారేసరికి నీళ్ళలో ఉండాలని నా పట్టు. శారద కాసిల్‌పాయింట్ తీరంలోని మోటల్‌కి ఫోన్ చేస్తే మధ్యాహ్నం దాకా పొగమంచు వీడదన్నారట. అందుకని ఎనిమిదింటికి కదిలాం. పహియాటువా మీదుగా కొండ దాటి మాస్టర్టన్ చేరడానికి రెండు గంటలు పట్టింది. ప్రతి మలుపులోనూ బ్రేకు నా దగ్గరే ఉన్నట్టు కాలితో నేలని తొక్కిపెట్టాను.

"నువ్వు అక్కడ కాలు తొక్కిపెడితే కారు ఆగదమ్మా" అంది శారద.

పొద్దు గడపడానికి ఊరి బయట ఒక ద్రాక్షతోటలో ఆగాం. వరసలుగా తీగలు, పిట్టలు పళ్ళు పొడవకుండా పైన తెల్లటి వలలు. అక్కడి వంటామె రొట్టె, చీజు, ద్రాక్షలు తెచ్చింది. స్నానం కానిదే నేనేమీ ముట్టనని శారద చెబితే, "మంచినీళ్ళయినా తాగదా?" అని ఆమె బెంగపడింది. పక్కబల్ల మీది వైన్ చీర మీద ఒలుకుతుందేమోనని నా బెంగ నాది.

అక్కడి నుంచి కాసిల్‌పాయింట్‌కి గంట పైనే. పెట్రోలు మాస్టర్టన్‌లోనే పోయించుకోండి. రానూపోనూ మాకు యాభై డాలర్ల దాకా అయింది. పన్నెండున్నరకి చేరితే మంచు ఎక్కడిదక్కడే ఉంది. సముద్రం హోరు వినపడుతోంది గాని నీళ్ళు కనపడవు.

"పోదాం పదమ్మా. తెల్లవారుజామున చెయ్యాలన్నావు, మిట్టమధ్యాహ్నం అయింది."

"బందరులో ఇప్పుడు ఐదే. ఇంకా తెల్లవారలేదు. నేను మొక్కింది అక్కడి దేవుడికి."

"ఆయనకి టైము తేడా తెలుసంటావా?"

"మీ తమ్ముడికి ఫోన్ చేసేటప్పుడు నాకే తెలుస్తోంది, ఆయనకి తెలీదా?"

ఈలోగా ట్రాక్టరుతో పడవని లాక్కెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, నాకు ఈత వచ్చా అని అడిగాడు. రాదంటే తల ఊపి, ఇటువైపు అలలు లాగేస్తాయని, రాతిగట్టు లోపలివైపు మడుగులా నెమ్మదిగా ఉంటుందని దారి చూపించాడు. ఇంత మంచులో ఎందుకని కూడా అడిగాడట. శారద ఏదో చెప్పింది.

"ఏమన్నావే?"

"నాకోసమని."

మడుగులో కాలు పెట్టగానే ప్రాణం జివ్వుమంది. అది నడివేసవి నీళ్ళలా లేదు. శారదకి జలుబు చేస్తే, కుట్లు లాగితే అని ఒక్కసారిగా భయం పట్టుకుని, "పోనీ, తల మీద చల్లుకుందాంలే" అన్నాను.

"ఇంత దూరం తెచ్చి చల్లుకోవడమేమిటి? రా" అని నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. మూడు మునకలూ ఇద్దరం కలిసే వేశాం.

ఆపరేషన్ అయినప్పటి నుంచి శారద తుమ్మినా నాకు ఆసుపత్రే గుర్తొచ్చేది. ఆ నీళ్ళలో నన్ను లాక్కుపోయింది మాత్రం రోగి చెయ్యి కాదు. అంత గట్టిగా అది నా చెయ్యి పట్టుకుని చాలా కాలమైంది. ఇక విమానం ఎక్కగలననిపించింది.

మీరూ వెళ్తే పొడిబట్టలు ఒడ్డునే పెట్టుకోండి. మేము కారులో వదిలేసి, తడిచీరతో వణుకుతూ మంచులో కారు కోసం వెతుక్కున్నాం.